భర్త పోయాక వచ్చే పెన్షన్: చిన్న వయసు తల్లులే ఎందుకు వెనకబడుతున్నారు?

క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పెన్షన్ నెలకు 4,000 రూపాయలు. పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే అది త్వరగానే భార్య పేరుకు మారుతుంది. పెన్షన్ వయసు రాని భర్త చనిపోతే మాత్రం ఆమె కొత్తగా దరఖాస్తు చేసుకుని మంజూరు కోసం ఎదురుచూడాలి. అందుకే చిన్న పిల్లలున్న తల్లికి మొదటి ఏడాదిలో గ్రామ, వార్డు సచివాలయం నుంచి వచ్చే పెన్షన్ కంటే భర్త బ్యాంకు ఖాతా నుంచి, ఆయన పనిచేసిన చోటు నుంచి, పిల్లల పేరు మీద వచ్చే డబ్బే పెద్ద ఆసరా. వీటిలో చాలావాటికి గడువులున్నాయి, పత్రాల పట్టింపులు కూడా ఉన్నాయి.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ విషయం మీద గందరగోళం ఎక్కువగా ఉంది. పక్కింటి పెద్దావిడకు భర్త పోయిన నెలకో రెండు నెలలకో పెన్షన్ వచ్చేస్తుంది. అదే వీధిలో ముప్పై ఏళ్ల తల్లి ఇద్దరు పిల్లలను పెట్టుకుని సచివాలయం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. సిబ్బంది కావాలని తిప్పుతున్నారనో, రాజకీయం చేస్తున్నారనో ఊళ్లో మాట పుడుతుంది. కొన్నిచోట్ల అదీ ఉండొచ్చు. అసలు కారణం మాత్రం నిబంధనల్లోనే ఉంది.

స్పౌజ్ పెన్షన్ వేరు, వితంతు పెన్షన్ వేరు

రాష్ట్రం పెన్షన్లు ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పథకంలో ‘స్పౌజ్ కేటగిరీ’, అంటే జీవిత భాగస్వామికి పెన్షన్ మార్చే ఏర్పాటు ఒకటుంది. 2024 నవంబర్ 1 తర్వాత పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే, డెత్ సర్టిఫికెట్, ఆధార్ ఇచ్చిన భార్యకు తర్వాతి నెలలోనో ఆపై నెలలోనో పెన్షన్ మొదలవుతుంది. 2023 డిసెంబర్ 1 నుంచి 2024 అక్టోబర్ 31 మధ్య భర్తను కోల్పోయినవారికి కూడా 2025లో ఈ అవకాశం ఇచ్చారు.

ప్రభుత్వానికి ఇందులో చిక్కు లేదు. ఆ కుటుంబం అర్హత ఇదివరకే తేలింది, బడ్జెట్‌లో ఆ పెన్షన్‌కు ఇదివరకే చోటుంది. పేరు మారుతుందంతే, కొత్త ఖర్చు పుట్టదు.

35 ఏళ్ల బేల్దారి మేస్త్రీ చనిపోతే లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. ఆయనకు పెన్షన్ లేదు కాబట్టి భార్య పేరుకు మార్చడానికి ఏమీ లేదు. ఆమెది కొత్త పెన్షన్, అంటే రాష్ట్ర ఖజానా మీద కొత్త భారం. కొత్త పెన్షన్లకు ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడే మంజూరు జరుగుతుంది. గత ప్రభుత్వ హయాంలో కొంతకాలం జనవరి, జులై నెలల్లో, అంటే ఏడాదికి రెండుసార్లు, కొత్తవి మంజూరు చేసేవారు. ఎవరు అధికారంలో ఉన్నా అర్హత తేలిన మరుసటి నెల నుంచే పెన్షన్ ఇవ్వడం కంటే కొన్నాళ్లు కూడబెట్టి ఒకేసారి మంజూరు చేయడమే పద్ధతిగా నడుస్తోంది. ఫలితంగా అవసరం ఎక్కువున్న ఇంట్లోనే ఎదురుచూపు కూడా ఎక్కువ.

నాలుగు వేలలో కేంద్రం వాటా

పెన్షన్ 2014లో 1,000, 2019 జనవరిలో 2,000, 2024 జనవరిలో 3,000 అయింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి వర్తించేలా 4,000 చేశారు. 2024 జులై 1న మూడు నెలల తేడాతో కలిపి 7,000 చేతికి రావడం చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఇందులో ఢిల్లీ నుంచి వచ్చేది చాలా తక్కువ. 2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ వితంతు పెన్షన్ పథకం కింద కేంద్రం నెలకు 300 రూపాయలే ఇస్తుంది. అదీ దారిద్య్రరేఖకు దిగువన ఉండి, 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్నవారికే. 80 దాటితే 500. ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పెన్షన్‌కు 18 ఏళ్లు నిండితే చాలు. కాబట్టి 28 ఏళ్ల తల్లికి ఇచ్చే నాలుగు వేలూ రాష్ట్రమే మోయాలి. పెళ్లిళ్లు తొందరగా అయ్యే ప్రాంతాల్లో 40 ఏళ్లకు పిల్లల చదువులు దాదాపు ముగింపుకొస్తాయి. పిల్లల పెంపకం భారం అంతా అంతకుముందే పడుతుంది. కేంద్ర పథకంలో వయసు గీత గీసినవాళ్లు ఈ సంగతి పట్టించుకున్నట్టు కనిపించదు.

పక్క రాష్ట్రాలతో పోలిస్తే ఇక్కడి మొత్తం పెద్దదే. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి తెలంగాణలో అడుగుపెడితే అక్కడ 2019లో ఖరారైన 2,016 రూపాయల లెక్క నడుస్తోంది. ఆదోని అవతల కర్ణాటకలో 2021లో పెంచాక వచ్చింది 800. సరిహద్దు ఊళ్లలో పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం అయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. భర్త పోయాక పుట్టింటికి వెళ్లి, రేషన్ కార్డు, ఆధార్ అడ్రస్ అక్కడికి మార్చుకునే ముందు ఈ తేడా చూసుకోవడం మంచిది.

ఆరు అంచెల జల్లెడ

దరఖాస్తు పెట్టగానే కంప్యూటర్‌లో ఆరు అంచెల పరిశీలన జరుగుతుంది. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, రెండూ కలిపినా 10 ఎకరాలే హద్దు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగిగానీ పెన్షనర్‌గానీ, ఆదాయపు పన్ను కట్టేవారుగానీ ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ తప్ప వేరే నాలుగు చక్రాల బండి ఉండకూడదు. పట్టణంలో అయితే కట్టడం 1,000 చదరపు అడుగులు మించకూడదు.

ఈ అంచెలన్నీ చూసేది ఆమె పరిస్థితిని కాదు, ఆమె పేరున్న కార్డులోని ఇంటి మొత్తాన్ని. రాయలసీమలో ఉమ్మడి కుటుంబాలు ఇంకా బాగానే ఉన్నాయి. పొలం మామ పేరున ఉంటుంది, మీటర్ బావగారి ఆధార్‌కు ముడిపడి ఉంటుంది, మరిది ఎప్పుడో అమ్మేసిన కారు రవాణా శాఖ రికార్డులో ఇంకా ఆయన పేరు మీదే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి అడ్డం పడినా కోడలి దరఖాస్తు ‘ఇనెలిజిబుల్’ అని చూపిస్తుంది. పైగా ఒక రైస్ కార్డుకు ఒకే పెన్షన్ అన్నది సాధారణ నియమం, దివ్యాంగుల వంటి కొందరికే మినహాయింపు. అత్తగారికి వృద్ధాప్య పెన్షన్ వస్తుంటే, అదే కార్డులో ఉన్న కోడలికి వితంతు పెన్షన్ రాదు.

భూమి హద్దులో ఇంకో విచిత్రం ఉంది. కేసీ కాలువ కింద మూడెకరాల వరి పండించే కుటుంబాన్నీ, అనంతపురం జిల్లాలో వాన మీదే ఆధారపడి పదెకరాల్లో వేరుశనగ వేసే కుటుంబాన్నీ నిబంధన ఒకే గాట కడుతుంది. రాష్ట్రంలోనే తక్కువ వాన పడే జిల్లాలో పదకొండో ఎకరం ఉన్నందుకు పెన్షన్ పోతే, ఆ ఎకరం ఆ ఇంటికి ఏడాదికి ఎంత తెచ్చిపెడుతుందో చెప్పడం కష్టం. పంట పోయిన ఏడు అది తెచ్చేది అప్పే.

తిరస్కరించినప్పుడు ఏ అంచెలో ఆగిందో సచివాలయంలో చెబుతారు. ఆ కారణాన్ని రాయించుకుని సంబంధిత శాఖలో సరిచేయించాలి. మీటర్ చిక్కయితే విద్యుత్ శాఖ, బండి అయితే ఆర్టీవో, భూమి అయితే తహసీల్దార్. కార్డు నుంచి విడిపోవడం, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఏ ఇంట్లో ఎవరున్నారన్న నమోదు) మార్చుకోవడం సచివాలయంలోనే మొదలవుతుంది.

చనిపోయిన చోటే నమోదు

అన్ని దారులకూ మొదట కావాల్సింది డెత్ సర్టిఫికెట్. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు నమోదు ఉచితం. 30 రోజుల వరకు కొద్దిపాటి ఆలస్య రుసుము. అది దాటితే ఏడాది వరకు అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. దినాలు అయ్యేదాకా ఆమె గడప దాటకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో ఈ 21 రోజులు చూస్తుండగానే గడిచిపోతాయి. ఇంట్లో చనిపోతే కుటుంబమే చెప్పాలి. ఆసుపత్రిలో చనిపోతే ఆ వివరం పంపాల్సింది ఆసుపత్రి.

చాలామంది పొరబడేది ఇక్కడే: మరణం నమోదయ్యేది చనిపోయిన చోట, సొంతూళ్లో కాదు. కదిరి దగ్గరి పల్లెవాసి బెంగళూరు ఆసుపత్రిలో చనిపోతే సర్టిఫికెట్ ఇచ్చేది కర్ణాటక. గుంతకల్లు మనిషి కర్నూలు పెద్దాసుపత్రిలో పోతే నమోదు కర్నూలులో. మిరప కోతలకని గుంటూరు వైపు వలస వెళ్లి అక్కడే ప్రాణం పోతే అక్కడి పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో. శవాన్ని ఊరికి తెచ్చి అంత్యక్రియలు చేసినంత మాత్రాన సొంత పంచాయతీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. శవంతో పాటు ఆసుపత్రి ఇచ్చిన కాగితాలన్నీ జాగ్రత్తగా తెచ్చుకుంటే తర్వాత ఒక ప్రయాణం తప్పుతుంది. సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడేలా చూసుకోవాలి. ‘పెద్ద వెంకటేశు’ ఒకచోట, ‘పి. వెంకటేశ్వర్లు’ ఇంకోచోట ఉంటే బ్యాంకులో, పీఎఫ్‌లో, బీమాలో మూడుచోట్లా మూడు అఫిడవిట్లు అడుగుతారు.

రెండో ముఖ్యమైన కాగితం తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. పెద్ద మొత్తాలకు, నామినీ లేని ఖాతాలకు, ఇంట్లో వివాదం ఉన్నప్పుడు కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువీకరణ కూడా అడగవచ్చు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, సాధారణంగా హక్కు వారసులదే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, చనిపోయిన వ్యక్తి తల్లి సమాన వాటాదారులు. ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. పెళ్లికి ముందు రాసిన నామినేషన్‌లో భర్త అన్నదమ్ముడి పేరుందని ఆ డబ్బు ఆయనదైపోదు. పీఎఫ్ విషయంలోనైతే పెళ్లితో పాత నామినేషనే చెల్లకుండా పోతుంది.

పాస్‌బుక్కులో 436, 20

భర్త బ్యాంకు పాస్‌బుక్కు ప్రింట్ తీయించి మే, జూన్ నెలల ఎంట్రీలు చూడాలి. ఏటా ఆ రోజుల్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. కారణం ఏదైనా, మరణిస్తే 2 లక్షలు. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. జన్‌ధన్ ఖాతా తెరిచినప్పుడు బ్యాంకువాళ్లు సంతకం చేయమంటే చేసి, ఆ సంగతే మర్చిపోయిన ఇళ్లు కొల్లలు. బీమా ఉందని భార్యకు తెలియకపోతే క్లెయిమ్ చేసేవాళ్లుండరు, బ్యాంకు తానై పిలిచి చెప్పదు. రెండూ ఉన్న మనిషి ప్రమాదంలో పోతే రెండూ వస్తాయి, అంటే 4 లక్షలు. నాలుగు వేల పెన్షన్ ఎనిమిదేళ్లకు పైగా తీసుకుంటే అంత అవుతుంది.

సురక్షా బీమాకు ప్రమాదమని చూపే ఆధారం కావాలి, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక వంటివి. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం లాంటివాటికి వెంటనే చేర్పించిన ఆసుపత్రి రికార్డు చాలు. “పోయినోడు ఎలాగూ పోయినాడు, ఇంక కోయించేదెందుకు” అని పెద్దలు పోస్టుమార్టం వద్దనడం మామూలే. ఆ మాట వెనక ప్రేమే ఉంటుంది కానీ దానితో 2 లక్షల ఆధారం చేజారుతుంది.

జీవన్ జ్యోతిలో 50 ఏళ్లలోపు చేరాలి, 55 వరకు కొనసాగుతుంది. ఖాతాలో డబ్బు లేక ఆ ఏడాది ప్రీమియం కట్ కాకపోతే బీమా ఆగినట్టే.

పనిచేసిన చోటు నుంచి

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో, తాడిపత్రి రాళ్ల పాలిష్ యూనిట్లలో, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో కాంట్రాక్టర్ కింద పనిచేసే చాలామందికి తమ పేరున పీఎఫ్ కడుతున్నారో లేదో సరిగ్గా తెలియదు. భర్త ఫోన్‌లో పీఎఫ్ మెసేజ్‌లు, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు) నంబర్ ఉన్నాయేమో చూడాలి. సిమ్ రద్దు చేయించే ముందే ఈ పని చేయాలి.

పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే మూడు వేర్వేరు లాభాలున్నాయి. ఒకటి కూడబెట్టిన పీఎఫ్ సొమ్ము. రెండోది ఉద్యోగుల పెన్షన్ పథకం కింద భార్యకు జీవితకాల పెన్షన్. అది కనీసం 1,000 రూపాయలు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా తల్లి పెన్షన్‌లో 25 శాతం చొప్పున వేరుగా ఇస్తారు. మూడోది బీమా, ఏడాది పాటు ఆగకుండా ఉద్యోగంలో ఉంటే 2.5 లక్షల నుంచి 7 లక్షల వరకు. మూడింటికీ కలిపి ఒకే ఫారం ఉంది. వయసు పరిమితి, కరెంటు మీటర్, భూమి లెక్క ఏవీ ఇక్కడ అడగరు. చందా కట్టిన హక్కుకూ, పేదరికం చూసి ఇచ్చే సాయానికీ ఉన్న తేడా అదే.

ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్న కార్మికుడు పనిలో జరిగిన ప్రమాదంలో చనిపోతే ఆధారపడినవారికి జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా సాయం అందుతుంది. అందులో ఐదింట మూడు వంతులు భార్యకు, ఐదింట రెండు వంతులు చొప్పున పిల్లలకు, మొత్తం పరిమితి దాటితే ఆ నిష్పత్తిలో తగ్గిస్తారు. అంత్యక్రియలకు 15,000 వేరు. కాంట్రాక్టర్ నాలుగు రూపాయలు చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి వస్తే, ఆ కాగితంలో ఏముందో చదివించకుండా వేయకూడదు.

పిల్లల పేరు మీద

ఊళ్లలో అందరికంటే తక్కువ తెలిసింది మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. తండ్రి లేని, తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఇది. పాత పథకంలో 2,000 ఉండేది, 2022లో రెట్టింపు చేశారు. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000. వితంతు పెన్షన్ హద్దు పల్లెలో ఏడాదికి లక్షా ఇరవై వేలవుతుంది కాబట్టి, అందులో నెగ్గిన ఇల్లు ఇందులో ఆగిపోవచ్చు. ఉమ్మడి కార్డు నుంచి విడిపోయిన తల్లికి రెండూ సులువవుతాయి.

దీనికి సచివాలయంతో పాటు అంగన్‌వాడీ, ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయం, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగాలి. తండ్రి డెత్ సర్టిఫికెట్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆదాయ పత్రం కావాలి. జిల్లా కమిటీ ఆమోదించాలి, నిధులు పరిమితం, బడి మానేస్తే ఆపేస్తారు. ఇన్ని ఉన్నా ఒక బిడ్డకే తల్లి పెన్షన్‌తో సమానమైన మొత్తం అన్నది చిన్న విషయం కాదు.

తల్లికి వందనం వేరే పథకం, తండ్రి ఉన్నా లేకపోయినా వస్తుంది. 2025 జూన్‌లో మొదలైన దీని కింద ఒక్కో విద్యార్థికి 15,000 లెక్క. అందులో 13,000 తల్లి ఖాతాలో పడతాయి, 2,000 బడి నిర్వహణకు పోతాయి. ఇంటి వివరాలు మారుతున్న సమయంలో తల్లి ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకయిందో సరిచూసుకోకపోతే డబ్బు పాత ఖాతాలోకి పోతుంది.

సాగు, రోడ్డు, గల్ఫ్

మరణం ఎలా జరిగిందన్నదాన్ని బట్టి తెరుచుకునే దారులు కొన్ని ఉన్నాయి. రైతు ఆత్మహత్య చేసుకుంటే ఇచ్చే పరిహారాన్ని రాష్ట్రం 2019లో 7 లక్షలకు పెంచింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న డివిజన్ స్థాయి కమిటీ అది సాగు అప్పుల వల్ల జరిగిందని తేల్చాలి. కౌలు రైతు భార్యకు ఇక్కడే కష్టం. కౌలుదారుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని ఒప్పుకోలు కావాలి, చాలామంది యజమానులు సంతకం పెట్టరు. నోటిమాట కౌలుకు, వడ్డీ వ్యాపారి దగ్గరి అప్పుకు కాగితం ఉండదు. అప్పు ఇచ్చినవాళ్ల వాంగ్మూలాలు విచారణ అప్పుడే నమోదు చేయించుకోవడం ఒక్కటే మార్గం.

కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీద గుర్తు తెలియని బండి గుద్ది పోతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. బండి దొరికితే మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి, దానికి ప్రమాదం జరిగిన 6 నెలలు గడువని చట్టం చెబుతోంది.

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవారి కుటుంబాలకు ఇంకో లెక్క. ఈసీఆర్ పాస్‌పోర్టు (విదేశీ పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైనది) మీద, ఆ అనుమతి అయిన ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాద మరణానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ చేతిలో పడితే ఈ బీమా ఉండదు, మరణించాక గానీ ఆ సంగతి బయటపడదు. అక్కడి మరణానికి భారత రాయబార కార్యాలయం ఇచ్చే నమోదు పత్రం ఇక్కడి పనులకు మూలం అవుతుంది.

పెన్షన్ మొదలయ్యాక

పెన్షన్ నెల ఒకటో తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు. వలస వెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆగిపోతుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా మిరప కోతలకు వెళ్లే కోసిగి, మంత్రాలయం వైపు ఆడవాళ్లు ఆ మూడో నెల లెక్క గుర్తుపెట్టుకోవాలి. లేదా పనిచేసే ఊరికి పెన్షన్ బదిలీ చేయించుకోవచ్చు.

మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పెన్షన్ ఆగుతుంది. పీఎఫ్ పెన్షన్‌లోనూ తల్లి వాటా ఆగుతుంది కానీ పిల్లల వాటా 25 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. ఈ సంగతి తెలియక, రెండో పెళ్లితో పిల్లల డబ్బు కూడా పోతుందని భయపడేవాళ్లున్నారు.

భార్య పోయిన తండ్రికి

మగవాళ్లకు వితంతు పెన్షన్ లాంటిది రాష్ట్రంలో లేదు. 60 ఏళ్లకు వృద్ధాప్య పెన్షన్ వచ్చేదాకా ఆ తండ్రికి నెలవారీ సాయం ఉండదు. అయితే భార్య పేరున పీఎఫ్ ఉంటే భర్తకూ పిల్లలకూ అవే పెన్షన్లు వస్తాయి. ఆమె జన్‌ధన్ ఖాతాలో 436, 20 కట్ అయి ఉంటే ఆ బీమాలూ వస్తాయి. డ్వాక్రా పొదుపు కోసం తెరిచిన ఖాతాల్లో ఇవి తరచూ ఉంటాయి. ఇంటికి ప్రధాన సంపాదన ఆమెదే అయి, 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే, దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి ఇచ్చే 20,000కూ ఆడ మగ తేడా లేదు. తల్లికి వందనం డబ్బుకు తండ్రినో సంరక్షకుడినో నమోదు చేయించాలి. మిషన్ వాత్సల్య నిబంధనల్లో వితంతువైన తల్లి పేరు నేరుగా ఉంది, ఒంటరి తండ్రి పేరు లేదు. జబ్బు వల్లో అంగవైకల్యం వల్లో పిల్లలను పోషించలేని తల్లిదండ్రుల కింద మాత్రమే అతను అడగాల్సి ఉంటుంది.